జాంపండు తాబేలు

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని పెద్దలు అనేవారు. కాలినడకన వెళ్లిన రోజుల్లో తిరిగి రావడం నమ్మకం లేక అన్న మాట అది. ఇప్పుడేముంది, శ్రీకాకుళంలో యాత్రా బస్సెక్కి, దారిపొడవునా పులిహోర తింటూ వెళ్లి, పడుకుని వెనక్కి రావచ్చు. కానీ ఎండాకాలంలో అలా వెళ్లి వచ్చిన తిరుమలరావును చూస్తే ఆ మాటలో ఇంకా సత్తువ ఉందనిపిస్తుంది. మనిషి వచ్చాడు. తువ్వాలు భుజాన వేసుకుని పొలానికి పోతున్నాడు, ఉభాల్లో వరినాట్లు దగ్గరుండి వేయించాడు, గట్లు చెక్కించాడు. లోపలి మనిషి మాత్రం వచ్చినట్టు లేదు.

మాఘమాసంలో అతని భార్య నీలవేణిని పెసర చేలో పాము కరిచింది. ఆటో ఎచ్చెర్ల ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది. ఊరంతా గుండెలు బాదుకుంటూంటే తిరుమలరావు పందిరి గుంజకు ఆనుకుని, ఇంకెవరింట్లోనో జరుగుతున్న పనిని చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. రాలేదని సిగ్గు కూడా వేయలేదు. ఆ రోజు నుంచి అతని నోట ఒక్క మాటే మిగిలింది. కర్మకు వంట ఎవరికి చెబుదామంటే సరే. ఎద్దుల్ని అమ్మేద్దామంటే సరే. కాశీకి పోయి గంగలో అస్థులు కలిపి రారా, మనసు కుదుటపడుతుందంటే దానికీ సరే.

కాశీ వెళ్తే కాయో పండో వదలాలన్నది ఆచారం. ఇష్టమైనదాన్ని వదలాలి, బతికుండగా మళ్లీ నోట పెట్టకూడదు. మనవాళ్లు దేవుడి దగ్గర కూడా బేరం మానరు. ఆ బస్సులో వెళ్లిన ఒకావిడ కాకరకాయ వదిలేసింది, పుట్టి బుద్ధెరిగి ఆవిడ దాన్ని తిన్నది లేదు. ఒకాయన ఆపిల్ పండు వదిలేశాడు, ఎలాగూ కొనేవాడు కాదు. "నీదేదయ్యా?" అని పంతులు అడిగితే తిరుమలరావు "జాంపండు" అన్నాడు. ఆలోచించి అన్నది కాదు, నోటికి వచ్చింది. కాకరకాయావిడ నెత్తి కొట్టుకుంది. "ఓరి నాయనా, పెరట్లో సెట్టెట్టుకొని జాంపండొగ్గేసినావేటి! ఏ పనసకాయో సెప్పకపోయినావా!" అప్పటికే అతను గంగలో మూడు మునకలూ వేసేశాడు.

ఆ చెట్టు నీలవేణి కాపురానికొచ్చిన ఏడు నాటింది. కాయడమంటే పిచ్చిగా కాస్తుంది. కానీ వానాకాలం జాంపండంటే పురుగుకు పుట్టిల్లు. అందుకని నీలవేణి పండును చీరచెంగులో చుట్టి, చెంగు మీంచే కొరికి, విరిగిన ముక్కను వెలుగులో పెట్టి చూసేది. గుడ్డ అడ్డం పెట్టుకుని కొరికితే ఎంగిలి కాదని మన పిల్లలందరికీ తెలిసిన శాస్త్రం. కాకెంగిలి అంటారు. "పురుగు నేదు, తిను," అని చెబితేనే కూతురు ఆశ్రిత చెయ్యి చాచేది. ఐదేళ్ల పిల్ల. తల్లి చెప్పకుండా ఏ పండూ నోట్లో పెట్టేది కాదు.

ఇప్పుడు ఆ చెప్పే మనిషి లేదు. నాన్న జాంపళ్లు ఒగ్గేశాడని పిల్ల విన్నది. తనూ ముట్టడం మానేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. తిరుమలరావు కంచంలో రెండు ముద్దలు తిని తోసేస్తే పిల్ల కూడా రెండు ముద్దలు తిని తోసేసేది. అతను పాలు వద్దంటే తనకూ వద్దే. అంగన్‌వాడీలో తూకం వేస్తే పిల్ల పెరగాల్సింది పోయి తరిగిపోతోంది. ఈ సంగతి ముందు కనిపెట్టింది టీచరు శైలజ కాదు, ఆయా చిన్నతల్లి. "ఆ గుంట నీకేసే సూస్తాది బాబూ. నువ్వెంత తింటే అంతే తింటాది. నీ కడుపు కోసం కాదు, దాని కడుపు కోసమైనా తిను," అని ముఖం మీదే చెప్పింది. తిరుమలరావు సరే అన్నాడు. ఆ రాత్రి కూడా రెండు ముద్దలే తిన్నాడు. మొండితనమేమీ కాదు. మూడో ముద్ద సంగతి అతనికి గుర్తు రాలేదు, అంతే.

ఇలా ఉండగా భావనపాడు పక్క ఊరి నుంచి అత్తగారు లక్ష్మణమ్మ దిగింది. పిల్ల చేతులు పట్టి చూసింది, జబ్బలు తడిమింది, గడప మీదే కూలబడింది. "ఇలగైతే ఇదీ దక్కదు బాబూ. నాతో పంపీ. నాను సాకుతాను, అక్కడే బడిలో ఏస్తాను," అంది. దారంతా అల్లుడితో కొట్లాటకు సిద్ధపడి వచ్చిన మనిషి ఆమె.

"సరే," అన్నాడు తిరుమలరావు.

లక్ష్మణమ్మ "ఒక్క మాటైనా అడ్డం సెప్పవేటి? నీ కూతురు కాదేటి?" అని అడిగి, తనే ఏడ్చింది. అతను పిల్ల వెళ్లిపోతే ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోబోయాడు, ఏమీ కనబడలేదు. మర్నాడు మధ్యాహ్నం బస్సుకు ప్రయాణం అనుకున్నారు.

ఆ మర్నాడే అంగన్‌వాడీలో పళ్లతో బొమ్మలు చేసే రోజు. సెప్టెంబరు కదా, పోషణ మాసం. పిల్లలు పళ్లు తినడం లేదు, చిప్స్ పొట్లాల వెంట పడుతున్నారని శైలజ ఫోనులో ఏవేవో వీడియోలు చూసి, తల్లులందరినీ తలా రెండు పళ్లు పట్టుకుని రమ్మంది. పొద్దున ఆశ్రిత ఇంటికొచ్చేసరికి నాలుక కరుచుకుని, "మీరొస్తారా అన్నయ్యా? ఎలాగూ ఇవాళే కదా తనకిక్కడ ఆఖరు," అంది. అతను ఏమన్నాడో వేరే చెప్పక్కర్లేదు.

పెరట్లో ఎన్నో పళ్లు రాలి కుళ్లుతున్నాయి. ఈగలు ముసురుతున్నాయి. తిరుమలరావు చెట్టు మీద ఉన్నవాటిలోంచి నాలుగు దోరపళ్లు కోసి, తువ్వాల్లో మూటగట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని బయల్దేరాడు. వదిలిన పండును తినకూడదు గానీ కోయకూడదని ఎవరూ చెప్పలేదు. లక్ష్మణమ్మ పిల్ల బట్టలు సర్దుతూ ఇంట్లోనే ఉండిపోయింది.

అంగన్‌వాడీలో చాప మీద పదిమంది ఆడవాళ్ల మధ్య ఒక్క మగాడు. మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా చిన్న పళ్లెం ముందు కూర్చున్నాడు. తమ్ముడి వరస వాడి పెళ్లాం ఉష ఊరుకునే రకం కాదు. "బావా, నువ్వేటి సేస్తావు? అమ్మేసిన ఎద్దుల్ని సేస్తావా?" అంది.

"సరే," అన్నాడు తిరుమలరావు.

అందరూ నవ్వారు. అతనూ నవ్వాలనుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. పక్కనే ఆశ్రిత కూడా నవ్వకుండా కూర్చుంది. తండ్రికి తగ్గ కూతురు.

పిల్లల సందడి అంతా ఇంతా కాదు. సపోటాకు ద్రాక్షముక్కల కళ్లు, తొడిమ తోక పెడితే ఎలుక. బొప్పాయి చెక్కను రెండు మూలలు కోస్తే చేప. కొబ్బరి పుల్లకు ద్రాక్షపళ్లు వరసగా గుచ్చితే గొంగళిపురుగు. గొంగళిపురుగు పూర్తి కాకుండానే సగం దారిలో మాయమైపోతోందని చిన్నతల్లి కేకలేస్తోంది. శైలజకు హుషారు పుట్టింది. అరటిపండును చక్రాలుగా కోసి, పళ్లెంలో వంకరటింకరగా పేర్చి, ముందు చక్రానికి రెండు కళ్లు, క్యారెట్ పీచుతో చీలిన నాలుక పెట్టి పైకెత్తి చూపించింది.

"పిల్లలూ, ఇదేంటో చెప్పండి!"

"పామూ!" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు.

తల్లుల చేతులు ఆగిపోయాయి. శైలజ ముఖం పాలిపోయింది. పళ్లెం దించడానికీ లేదు, పట్టుకునుండటానికీ లేదు. చిన్నతల్లి గబగబా వచ్చి, "తలకాయ నాదే," అని నాలుకతో సహా నోట్లో వేసుకుని, మిగతా చక్రాలు అందిన పిల్లల నోట్లో కుక్కేసింది. చిటికెలో పాము లేదు. అందరూ దొంగచాటుగా తిరుమలరావు వైపు చూశారు. అతను పళ్లెం వైపే చూస్తున్నాడు. అరటిపండు కాస్త ఎక్కువ మాగిందని మాత్రం అనుకున్నాడు. అంతకన్నా ఏమీ అనిపించలేదు. ఏదో ఒకటి అనిపించాలి కదా అని కాసేపు వెతికి, మానేశాడు.

అతని పళ్లెంలో జాంపళ్లే ఉన్నాయి. "మరి మనమేటి సేద్దాం?" అని ఆశ్రిత అడగలేదు. చేత్తో ఒక పండును బోర్లించి అతని ముందుకు జరిపింది. తిరుమలరావు కత్తితో దాన్ని అడ్డంగా రెండు చెక్కలు చేశాడు. ఒక చెక్కను బోర్లిస్తే గుండ్రంగా, పచ్చగా, డిప్పలాగే ఉంది. శ్రీకూర్మం గుళ్లో తాబేళ్లను ఆ చుట్టుపక్కల చూడని పిల్ల లేదు. ఆశ్రిత పక్క పళ్లెంలోంచి ఒక ద్రాక్షపండు తీసి తలగా పెట్టింది, ఇంకో రెండిటిని సగాలు కోయించి నాలుగు కాళ్లు పెట్టింది. తల తండ్రి వైపు ఉండేలా పళ్లెం తిప్పింది. అంతసేపూ నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి చేసింది. నీలవేణి సూదిలో దారం ఎక్కించేటప్పుడు అలాగే పెట్టేది.

దాన్ని చూసి ఉష కొడుకు తానూ తాబేలు చేస్తానని రెండో చెక్క లాక్కుని చేసేశాడు, చేసిన వెంటనే కొరకబోయాడు. ఉష వాడి చెయ్యి పట్టుకుంది. "ఓరి సన్నాసీ, కూర్మనాథసామిని కొరికేత్తావేట్రా!" శైలజ నచ్చజెప్పింది, తల్లులు తర్కించారు. చివరికి ఉష ఆ తాబేలును రెండు కళ్లకూ అద్దుకుని, గోవిందా అని కొడుకు నోట్లో పెట్టింది. వాడు కరకర నమిలేశాడు. ఇక అందరూ తినండని టీచరు చెప్పగానే ఎలుకలూ చేపలూ ఎటుపోయాయో తెలియదు.

ఆశ్రిత తినలేదు. తాబేలును రెండు చేతుల్లో పట్టుకుని తండ్రి ముందు పెట్టింది.

"పురుగున్నాదేమో సూడు నాన్నా."

వారాల తర్వాత ఆ పిల్ల తనంతట తాను అడిగిన మాట అది. చిన్నతల్లి చీపురు పక్కన పెట్టి నిలబడిపోయింది.

"నాను జాంపండు ఒగ్గేసినాను కదా తల్లీ. ఉష పిన్ని సూస్తాది," అన్నాడు తిరుమలరావు.

"కాకెంగిలి సెయ్. కాకెంగిలైతే ఎంగిలి కాదని అమ్మ సెప్పినాది."

"అయినా కొరకకూడదమ్మా. కాశీలో ఒగ్గేసినాను."

పిల్ల కాసేపు అతని ముఖంలోకి చూసింది. ఏడుస్తుందేమో, మారాం చేస్తుందేమో అని అందరూ అనుకున్నారు. చేసి ఉంటే ఎంతో బాగుండేది. తాబేలును మెల్లగా పళ్లెంలో పెట్టేసి, "సరే," అంది.

సరిగ్గా అప్పుడే లక్ష్మణమ్మ సంచీ చేత పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ముక్కుపుడక పక్కన చెమట తుడుచుకుని, "టైమైపోతన్నాది అమ్మా. మరింకో బస్సు నేదు. అమ్మమ్మతో వచ్చేస్తావా?" అని చెయ్యి చాచింది.

"సరే," అంది ఆశ్రిత. లేచి, గౌను దులుపుకుని, చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది. తండ్రి వైపు తిరిగి చూడలేదు.

ఆ గొంతు తిరుమలరావు ఎక్కడో విన్నాడు. ఎత్తూ పల్లం లేని గొంతు, ఇస్తే తీసుకుంటాను లాక్కుంటే ఇచ్చేస్తానన్న గొంతు. ఎక్కడ విన్నాడో తట్టడానికి ఒక్క క్షణం పట్టింది. అది తనదే. ఇన్నాళ్లూ ఊళ్లో అందరికీ వినిపిస్తున్నదీ, తన చెవికి మాత్రం పడనిదీ అదే. ముప్పైయేళ్లు దాటిన మగాడి నోట అది ఎలా ఉన్నా ఉండనీ. ఐదేళ్ల పిల్ల నోట వింటే అతనికి భయం వేసింది. మాఘమాసం తర్వాత అతనికి ఏదైనా అనిపించడం అదే మొదలు.

"ఒలే, ఆగు," అన్నాడు. పెద్దగానే వచ్చింది మాట. పిల్లలంతా తలలెత్తారు.

భుజం మీది తువ్వాలు తీసి తాబేలు మీద కప్పాడు. కాళ్లూ తలా విడిపోయి పళ్లెంలో దొర్లాయి. డిప్పను తువ్వాల్లో చుట్టి నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు.

"బాబూ!" అంది లక్ష్మణమ్మ. "కాశీలో ఒగ్గేసిన పండు! పాపం సుట్టుకుంటాది!"

చిన్నతల్లి అందుకుంది. "సుట్టుకోనీ. తిలా పాపం తలా పిడికెడు, ఇక్కడ ఇంతమందిమున్నాం కదా, పంచేసుకుంటాం. కాశీ ఇశ్వేశ్వరుడు కూడా పిల్లల తండ్రే, ఆయనకి తెల్దేటి?" తల్లులెవరూ కాదనలేదు. ఉష ముక్కు చీదుకుంది.

తిరుమలరావు కొరికాడు. పళ్ల కింద ముందు బట్ట, బట్ట వెనక కరుకుమని పండు. చెమట వాసన, ఎండ వాసన, ఆ తర్వాత రసం. ముక్క విరిగింది. తువ్వాలు విప్పి, గుమ్మంలోంచి వచ్చే వెలుగులో పెట్టి, గింజల దాకా తిప్పి తిప్పి చూశాడు. అతనికి అలవాటు లేని పని కాబట్టి అవసరమైనదానికన్నా ఎక్కువసేపే చూశాడు.

"పురుగు నేదు," అన్నాడు. "తిను."

ఆశ్రిత ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేకుండా వచ్చింది. ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. పళ్లెంలో దొర్లిన తాబేలు కాళ్లు కూడా ఒక్కొక్కటే ఏరుకుని తింది. తల మాత్రం తండ్రి చేతిలో పెట్టింది. అతను దాన్ని నోట్లో వేసుకున్నాడు. ద్రాక్షపండు అతను వదల్లేదు కదా.

"గుంటని పంపను అత్తా," అన్నాడు అప్పుడు, లక్ష్మణమ్మ వైపు చూడలేక నేల వైపు చూస్తూ. "నిన్న సరే అన్నాను. తప్పు. నువ్వే ఉండిపో కొన్నాళ్లు. నువ్వు వండి పెడితే నానూ తింతాను, అది కూడా తింతాది."

ఆమె ఏమంటుందోనని అందరూ చూశారు. కొట్లాడటానికి నిన్న వచ్చిన మనిషికి కొట్లాట ఇవాళ దొరికింది. కానీ ఆమెకు ఓపిక చాలలేదో, మరి సంతోషమే వేసిందో, సంచీ కింద పెట్టి చాప అంచున కూర్చుంది. "బస్సెల్లిపోనాది ఎలాగూ," అంది. బస్సు ఇంకా రానేలేదు. ఆ సంగతి అక్కడున్న ప్రతివాళ్లకీ తెలుసు.

ముగ్గురూ ఇంటికి వచ్చేసరికి ఎండ పెరట్లోకి దిగింది. లక్ష్మణమ్మ సంచీ విప్పి పిల్ల గౌన్లు మళ్లీ దండెం మీద వేస్తోంది. ఆశ్రిత చెట్టు కిందకు వెళ్లి, కుళ్లినవాటిని కాలితో పక్కకు తోసి, బాగున్నవి ఒళ్లో ఏరుకుని వచ్చి, అరుగు మీద కూర్చున్న తండ్రి పక్కన కుప్ప పోసింది. ఒకటి అందించింది.

తువ్వాలు అతని భుజం మీదే ఉంది. అతను తీయలేదు. పండును అలాగే, నేరుగా కొరికాడు. లోపల తెల్లగా మెదిలింది. తూ అని ఊసి, "పురుగున్నాది," అన్నాడు.

"ఇంకోటి," అంది పిల్ల.

రెండోది కొరికాడు. పురుగు లేదు. తియ్యగా ఉంది. తియ్యగా ఉందని నాలుకకు తెలిసింది. ఏటా ఇలాగే ఉండేది, ఏటా నీలవేణి ముందు చూసి ఇచ్చేది, తను ఏ ఆలోచనా లేకుండా తినేసేవాడు. నీలవేణి లేదు. ఊరంతా ఇన్నాళ్లూ చెబుతూ వచ్చిన ఆ మాట అతనికి ఇప్పుడు వినబడింది. నోట్లో ముక్క ఉండగానే ఏడుపొచ్చింది. ఆపడం చేతకాలేదు. వంగిపోయి, భుజాలు కదిలిపోయేలా, పొలం నుంచి వచ్చే ఎవరికైనా కనబడేలా ఏడ్చాడు. దండెం దగ్గర లక్ష్మణమ్మ చేతిలో గౌను అలాగే ఆగిపోయింది. ఆమె దగ్గరకు రాలేదు, ఏడవనిచ్చింది.

ఆశ్రిత తండ్రి చేతిలోంచి పండు తీసుకుని, అతను కొరికిన చోట లోపలికి చూసింది. వేలితో గింజలు పక్కకు తోసి మళ్లీ చూసింది.

"పురుగు నేదు నాన్నా," అంది. "తిను."